సెల్ మోగని లోయకు నింగి నుంచి నెట్

అమెరికా రాజధాని వాషింగ్టన్ నుంచి పడమరగా బయల్దేరితే నాలుగైదు గంటల ప్రయాణం. వర్జీనియా దాటి అలెఘేనీ కొండల మలుపుల్లోకి దిగేసరికి ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే తగ్గిపోయి, చివరికి ‘నో సర్వీస్’ అన్న ముక్క మిగులుతుంది. మ్యాప్ కదలదు. దారి తెలియాలంటే కారు ఆపి ఎవరినైనా అడగాల్సిందే. కొండల నడుమ పచ్చిక బీళ్ళు, మేస్తున్న ఆవులు, చెక్క ఇళ్ళు, ఒక చర్చి. వాటన్నిటి వెనక నుంచి ఉన్నట్టుండి తెల్లటి ఉక్కు కొండ ఒకటి లేస్తుంది. అదే గ్రీన్ బ్యాంక్ రేడియో టెలిస్కోప్. ఊరి పేరు కూడా గ్రీన్ బ్యాంకే. జనాభా లెక్కల ప్రకారం నూటయాభై మంది కూడా లేని ఊరు అది. పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలో ఈ ఊరున్న పోకహాంటస్ కౌంటీ మొత్తం కలిపినా ఎనిమిది వేల మంది లోపే.

వాషింగ్టన్ శివార్లలోని ఆష్‌బర్న్, హెర్న్‌డన్ ప్రాంతాల్లో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలకు ఇది వారాంతంలో వెళ్ళిరాగలిగేంత దూరం. ఆష్‌బర్న్ ఉన్న లౌడన్ కౌంటీలో ప్రపంచంలోనే అతి పెద్ద డేటా సెంటర్ల గుంపు ఉంది. అక్కడి నుంచి సగం రోజు నడిపితే వైఫై రూటరు పెట్టుకోవడానికే జంకే ఊరు. అమెరికా అంతా ఒకటే అనుకునేవాళ్ళు ఓసారి చూసి రావాల్సిన చోటు ఇది.

ఈ లోయలో ఇప్పుడు ఒక వింత పరిస్థితి నడుస్తోంది. అరవై ఏళ్ళకు పైగా ఏ రేడియో రొద రాకుండా కాపాడుకుంటూ వచ్చారో, అది ఇప్పుడు నెత్తిన ఐదారు వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి కురుస్తోంది. లోయలో వాళ్ళు తరాలుగా ఎదురుచూసిన ఇంటర్నెట్టూ ఆ రొదతోనే దిగుతోంది.

చట్టం కట్టిన నిశ్శబ్దం

1950ల్లో అమెరికా ప్రభుత్వం రేడియో ఖగోళ పరిశోధనకు స్థలం వెతుకుతున్నప్పుడు ఈ లోయ కంటపడింది. చుట్టూ కొండలు కాబట్టి నగరాల రేడియో, టీవీ తరంగాలు లోపలికి రావు. మనుషులు తక్కువ, కర్మాగారాలు లేవు. స్థలం చూసుకోవడంతో ఆగలేదు, కాపలాగా చట్టాలూ తెచ్చారు. 1956లో పశ్చిమ వర్జీనియా శాసనసభ ఒక చట్టం చేసింది. టెలిస్కోప్ చుట్టూ పది మైళ్ళ మేర దాని పనికి అడ్డొచ్చే విద్యుత్ పరికరాలు నడిపితే రోజుకు 50 డాలర్ల జరిమానా. 1958లో కేంద్ర స్థాయిలో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ‘జాతీయ రేడియో నిశ్శబ్ద మండలం’ ప్రకటించింది. విస్తీర్ణం 13,000 చదరపు మైళ్ళు. పశ్చిమ వర్జీనియా, వర్జీనియాల్లో పరుచుకుని, మేరీలాండ్‌లో కూడా ఒక పీలికను కలుపుకుంది. ఈ మండలంలో టవరు కట్టాలన్నా, ట్రాన్స్‌మిటర్ బిగించాలన్నా ముందు అబ్జర్వేటరీకి చెప్పాలి. పవరు తగ్గించమన్నా, యాంటెనా పక్కకు తిప్పమన్నా వినాలి. ఇదంతా నక్షత్రాల మీద ప్రేమతోనే అనుకుంటే పొరపాటు. పొరుగునే షుగర్ గ్రోవ్ అనే చోట అమెరికా నౌకాదళానికి రహస్యంగా వినే కేంద్రం ఒకటి ఉండేది. ఆ చట్టం నీడ దానికీ దక్కింది.

ఊళ్ళో దీని ప్రభావం చిన్న చిన్న విషయాల్లో కనిపిస్తుంది. టెలిస్కోప్ ఆవరణలో తిరిగేవి డీజిల్ బండ్లే. పెట్రోలు ఇంజనులో స్పార్క్ ప్లగ్ మెరిసినప్పుడల్లా రేడియో తరంగం పుడుతుంది, డీజిల్ ఇంజనుకు ఆ బెడద లేదు. అబ్జర్వేటరీ వాళ్ళకు యాంటెనాలు బిగించిన ఒక వాహనం ఉంటుంది. ఎక్కడైనా అనుమానపు సంకేతం తగిలితే దాన్ని వేసుకుని ఊళ్ళమ్మట తిరిగి దొంగను పట్టుకుంటారు. ఒకసారి దొరికిన దొంగలు ఎగిరే ఉడతలు. వన్యప్రాణి శాఖ వాళ్ళు వాటి కదలికలు తెలుసుకోవడానికి తగిలించిన రేడియో బిళ్ళలే ఆ సంకేతాలకు మూలం.

అందరూ ఇష్టపడి మౌనంగా ఉన్నారనుకోకండి. చాలా ఇళ్ళలో వైఫై ఉంది, అబ్జర్వేటరీకీ ఆ సంగతి తెలుసు. టెలిస్కోప్ పక్కనే ఉన్న బడి మాత్రం చాలా ఏళ్ళు వైఫై లేకుండా నడిచింది. కొండదారిలో ప్రమాదం జరిగితే అంబులెన్సు వాళ్ళ వాకీటాకీలు అందవని కౌంటీ అధికారులు ఇప్పటికీ ఫిర్యాదు చేస్తుంటారు. మరోపక్క, రేడియో తరంగాలు తమ ఒంటికి పడవని నమ్మే కొన్ని డజన్ల మంది ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఇక్కడ ఇళ్ళు తీసుకున్నారు. ఆ జబ్బుకు వైద్యశాస్త్రంలో ఆధారం దొరకలేదు. అయినా వాళ్ళ బాధ వాళ్ళది.

ఎందుకింత పట్టుదల?

గ్రీన్ బ్యాంక్ టెలిస్కోప్ ఎత్తు 485 అడుగులు, బరువు సుమారు 7,700 టన్నులు. గిన్నె వైశాల్యం 2.3 ఎకరాలు. ఎటు కావాలంటే అటు పూర్తిగా తిప్పగలిగే రేడియో టెలిస్కోపుల్లో ప్రపంచంలో ఇదే పెద్దది. మొత్తం నిర్మాణం గుండ్రటి పట్టాల మీద 16 చక్రాలతో తిరుగుతుంది. గిన్నెలో 2,004 లోహపు పలకలు పొదిగి ఉన్నాయి. వంగినప్పుడు బరువుకు గిన్నె ఆకారం చెదరకుండా వెనక నుంచి చిన్న మోటార్లు వాటిని సరిచేస్తూ ఉంటాయి. రిసీవర్లున్న చేయి మామూలు డిష్‌లకు ఉన్నట్టు మధ్యలో ఉండదు, పక్కకు ఒరిగి ఉంటుంది. దాని నీడ గిన్నె మీద పడకూడదని అలా కట్టారు. 1988 నవంబరు 15 రాత్రి ఇక్కడి పాత 300 అడుగుల టెలిస్కోప్ ఒక లోహపు పలక విరగడంతో కుప్పకూలింది. ఆ రాష్ట్ర సెనేటర్ రాబర్ట్ బర్డ్ పట్టుబట్టి నిధులు తెప్పిస్తే, 2000 ఆగస్టులో దాని స్థానంలో ఇది మొదలైంది.

చంద్రుడి మీద ఎవరైనా ఒక సెల్‌ఫోన్ ఆన్ చేస్తే, ఈ టెలిస్కోపుకు అది ఆకాశంలోకెల్లా ధాటిగా వినిపించే వస్తువుల్లో ఒకటి అవుతుంది. నక్షత్రాల మధ్య వాయువుల నుంచి, గడియారంలా క్రమం తప్పకుండా మిణుకుమనే పల్సార్ నక్షత్రాల నుంచి వచ్చే సంకేతం అంత సన్నది. 2023లో విశ్వమంతా వ్యాపించిన గురుత్వ తరంగాల జాడ దొరికిందని నానోగ్రావ్ బృందం ప్రకటించినప్పుడు అందులో గ్రీన్ బ్యాంక్ పరిశీలనలదీ పెద్ద పాత్ర. పదిహేనేళ్ళ పాటు పల్సార్ల టిక్కుటిక్కులను సెకనులో అతి చిన్న భాగాల దాకా లెక్కగట్టి కనిపెట్టిన సంగతి అది.

మరో చిక్కు ఉంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఖగోళ శాస్త్రానికి కొన్ని ఫ్రీక్వెన్సీలను కేటాయించింది. హైడ్రోజన్ పలికే 1420 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల ఒకటి, 10.6 నుంచి 10.7 గిగాహెర్ట్జ్ వరకు మరొకటి, ఇలా. కానీ విశ్వం విస్తరిస్తోంది. దూరపు గెలాక్సీలో హైడ్రోజన్ 1420 దగ్గర పలికినా మన దగ్గరికి వచ్చేసరికి ఆ స్వరం కిందికి జారుతుంది. ఎంత దూరమైతే అంత జారుడు. కేటాయించిన కిటికీలో దొరికేది పొరుగు గెలాక్సీలే. మిగతావాటి కోసం ఇతరులకు రాసిచ్చిన ఫ్రీక్వెన్సీల్లోనే చెవి పెట్టాలి. అక్కడ ఖగోళ శాస్త్రవేత్తకు చట్టం అండ లేదు, నిశ్శబ్దంగా ఉండే స్థలమే అండ. అందుకే గ్రీన్ బ్యాంక్ లాంటి లోయ కావాల్సి వచ్చింది.

అసలు ఈ శాస్త్రం పుట్టిందే రేడియో గోలను వెతుకుతుంటే. 1930ల మొదట్లో బెల్ లేబొరేటరీస్ కార్ల్ జాన్‌స్కీ అనే యువ ఇంజనీరుకు ఒక పని అప్పగించింది. అట్లాంటిక్ మీదుగా రేడియో టెలిఫోన్ మాటలకు అడ్డొస్తున్న గరగర ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడం. ఫోర్డ్ కారు చక్రాల మీద తిరిగే పొడవాటి యాంటెనా ఒకటి కట్టి వింటే ఉరుముల గరగర దొరికింది. దాంతోపాటు ఏ ఉరుముకూ చెందని ఒక సన్నని బుస కూడా దొరికింది. అది పాలపుంత నడిబొడ్డు నుంచి వస్తోందని 1933లో చెప్పాడు. ఆ యాంటెనా నమూనా ఇవాళ గ్రీన్ బ్యాంక్ ఆవరణలో నిలబడి ఉంది. 1937లో గ్రోట్ రెబర్ ఇలినాయ్‌లో తన పెరట్లో సొంతంగా కట్టుకున్న డిష్ కూడా ఇక్కడే ఉంది, అది అసలుదే.

పైకి చూడని చట్టం

1958 ఉత్తర్వు నేల మీద పాతిన ట్రాన్స్‌మిటర్ల గురించే. విమానాలు, ఉపగ్రహాలు దాని పరిధిలోకి రావు. అప్పటికి స్పుత్నిక్ ఎగిరి ఏడాదే అయింది కాబట్టి ఎవరినీ తప్పుపట్టలేం. నాలుగు గోడలూ పటిష్ఠంగా లేపి, కప్పు వేయని ఇల్లయింది అది. పై నుంచి వచ్చిపడేది ఎలా ఉంటుందో 1960లోనే రుచి చూశారు. ఫ్రాంక్ డ్రేక్ ఇక్కడి 85 అడుగుల టెలిస్కోపుతో గ్రహాంతరవాసుల సంకేతాల కోసం మొదటిసారి వెతికాడు. ఎప్సిలాన్ ఎరిడానీ నక్షత్రం వైపు తిప్పగానే బలమైన స్పందనలు వచ్చాయి. తర్వాత చూస్తే అది మనుషులు ఎగరేసిందే.

1998లో ఇరిడియం అనే సంస్థ 66 ఉపగ్రహాలతో ప్రపంచమంతటా శాటిలైట్ ఫోన్ సర్వీసు మొదలుపెట్టింది. అది వాడుకునే 1621 మెగాహెర్ట్జ్‌కు పక్కనే 1612 దగ్గర హైడ్రాక్సిల్ అణువు సంకేతం ఉంటుంది. ఇరిడియం రొద ఆ ఖగోళ బ్యాండులోకి పొంగింది. మరుసటి ఏడాదే కంపెనీ దివాళా తీసినా ఉపగ్రహాలు మాత్రం తిరుగుతూనే ఉండిపోయాయి.

అప్పుడు 66. 2019 మే నెలలో స్పేస్‌ఎక్స్ ఒక్క రాకెట్ మీదే 60 స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాలు పంపింది. ఇప్పుడు వాటి సంఖ్య ఎనిమిది వేలు దాటింది. ఇన్ని ఎందుకంటే, ఎత్తు తక్కువ కాబట్టి. డీటీహెచ్ ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో, మన కంటికి కదలకుండా ఉంటుంది. అక్కడికి ఇంటర్నెట్ సంకేతం పోయి రావడానికి అర సెకను పైనే పడుతుంది, వీడియో కాల్‌లో అవతలివాళ్ళ మాట ఆగి ఆగి వస్తుంది. 550 కిలోమీటర్ల ఎత్తులో ఆ ఆలస్యం ఉండదు. కానీ అంత కింద తిరిగే ఉపగ్రహం గంటకు 27,000 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంది. ఒక ఊరి మీద కొద్ది నిమిషాలే ఉంటుంది. ఒకటి దిగిపోయేలోగా మరొకటి అందుకోవాలి. స్టార్‌లింక్‌లో ఏ ఇంటి డిష్‌ను ఏ ఉపగ్రహం చూసుకోవాలో ప్రతి 15 సెకన్లకు కొత్తగా నిర్ణయిస్తారు. డిష్ మాత్రం కదలదు. లోపలున్న వందలాది చిన్న యాంటెనాలు తమలో తాము లెక్క చూసుకుని రేడియో పుంజాన్ని అటుగా తిప్పుతాయి.

ఈ ఉపగ్రహాలు ఇళ్ళకు పంపే సంకేతం 10.7 నుంచి 12.7 గిగాహెర్ట్జ్ వరకు ఉంటుంది. ఖగోళానికి కేటాయించిన 10.6–10.7 పక్కనే గోడకు గోడ. ఇళ్ళ నుంచి పైకి పోయేది 14 నుంచి 14.5 మధ్య, అందులో చివరి ముక్కలో ఫార్మాల్డిహైడ్ అణువు సంకేతం ఉంది. మన మేడల మీది డీటీహెచ్ గొడుగులు వినేదీ కేయూ బ్యాండు అనే ఈ ఫ్రీక్వెన్సీల్లోనే. అందుకే కింద తిరిగేవి పై కక్ష్యలోని ఉపగ్రహాలకు అడ్డు రాకూడదన్న అంతర్జాతీయ నియమం ఉంది. మీ గొడుగుకూ దాని ఉపగ్రహానికీ మధ్య గీత మీదికి వచ్చినప్పుడు దిగువ ఉపగ్రహం ఆ వైపు పంపకూడదు, మరో కోణం నుంచి మరో ఉపగ్రహం ఆ పని చేయాలి. టీవీ వ్యాపారానికి నియమం అంత గట్టిగా ఉంది. నక్షత్రాల వ్యాపారానికి మాత్రం ఆ గట్టిదనం కేటాయించిన సన్నటి బ్యాండ్లతోనే సరి.

చెప్పుకుని తప్పుకోవడం

చాలాకాలం గ్రీన్ బ్యాంక్ చుట్టుపక్కల పెద్ద ప్రాంతానికి స్టార్‌లింక్ సర్వీసే ఇవ్వలేదు. కేబుల్ రాని, టవరు లేని లోయకు పనికొచ్చే ఒక్క దారి కూడా మూసుకుపోయింది. అమెరికా మొత్తం మీద దీని అవసరం ఎవరికన్నా ఉందంటే వీళ్ళకే. మ్యాపులో మాత్రం వీళ్ళ ఊళ్ళున్న చోటు ఖాళీగా కనపడేది.

2023లో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్, స్పేస్‌ఎక్స్ ఒక ఒప్పందానికి వచ్చాయి. రేడియో ఖగోళ శాస్త్రవేత్తలు, కంపెనీ ఇంజనీర్లు కలిసి న్యూ మెక్సికోలోని విఎల్‌ఏ టెలిస్కోపుల దగ్గర, గ్రీన్ బ్యాంక్ దగ్గర ప్రయోగాలు చేశారు. 2024లో బయటపెట్టిన పద్ధతి వినడానికి చాలా సాదా. టెలిస్కోప్ ఈ క్షణం ఆకాశంలో ఎటు చూస్తోంది, ఏ ఫ్రీక్వెన్సీ వింటోంది అన్నది ఎప్పటికప్పుడు కంపెనీ కంప్యూటర్లకు చేరిపోతుంది. ఏ ఉపగ్రహమైతే ఆ చూపుకు అడ్డంగా రాబోతోందో అది ఆ కొద్ది సెకన్లు తన పుంజాలను పక్కకు తిప్పేస్తుంది లేదా ఆపేస్తుంది. ఈలోగా వినియోగదారుడిని మరో ఉపగ్రహం చూసుకుంటుంది. సూటిగా ఎదురుపడటమే అన్నిటికన్నా ప్రమాదం. అంత సున్నితమైన రిసీవరుకు అంత దగ్గరి ట్రాన్స్‌మిటర్ నేరుగా తగిలితే పరిశీలన పోవడం అటుంచి, పరికరమే దెబ్బతినవచ్చు.

దీని ఫలితంగా 2024 అక్టోబరు చివర్లో నిశ్శబ్ద మండలంలోని 99.5 శాతం ఇళ్ళకు స్టార్‌లింక్ తెరుచుకుంది. మిగిలిన అర శాతం టెలిస్కోపుకు మరీ దగ్గరి ఇళ్ళు. అరవై ఏళ్ళుగా ఎక్కువ త్యాగం చేసినవాళ్ళే చివరి వరుసలో మిగలడం న్యాయంగా లేదు. కానీ ఆ ఇళ్ళ డిష్‌లు పంపేది టెలిస్కోప్ పక్కనే మోగుతుంది కాబట్టి వేరే దారీ లేదు. వాళ్ళకు ప్రభుత్వం ఖర్చుతో ఫైబర్ కేబుల్ వేయించడమే మర్యాద.

పుంజాలు తిప్పుకున్నంత మాత్రాన సమస్య తీరదు. ఉపగ్రహం ప్రసారం చేసేది కాక దాని లోపలి ఎలక్ట్రానిక్స్ నుంచి కారే తరంగాలు వేరే ఉన్నాయి. నెదర్లాండ్స్‌లోని లోఫార్ యాంటెనాలతో చేసి 2023లో ప్రచురించిన పరిశీలనలో 68 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 47 నుంచి 110–188 మెగాహెర్ట్జ్ మధ్య ఇలాంటి కారుడు కనపడింది. స్టార్‌లింక్‌కు అక్కడ ప్రసారం చేసే పనే లేదు. 2024లో రెండో తరం ఉపగ్రహాలను చూస్తే అది మొదటి తరం కన్నా 32 రెట్ల దాకా ఎక్కువగా ఉంది. ఎటు చూస్తున్నావో చెప్పు, తప్పుకుంటాను అనే ఒప్పందం దీనికి పనికిరాదు. దీన్ని ఫ్యాక్టరీలోనే అరికట్టాలి.

మరో అడుగు నేరుగా చేతిలోని మామూలు ఫోనుకే ఉపగ్రహం నుంచి సిగ్నల్ ఇవ్వడం. అమెరికాలో టి-మొబైల్, స్పేస్‌ఎక్స్ కలిసి 2025 జూలైలో ఈ సర్వీసును అందరికీ తెరిచాయి. కిందికి వచ్చేది 1990–1995 మెగాహెర్ట్జ్. సెల్ టవరును ఊళ్ళోకి రానివ్వకుండా ఆపిన చట్టానికి ఇక పనేముంది, టవరే నింగికెక్కింది. కొండదారిలో కారు బోల్తాపడ్డవాడికి ఆ సిగ్నల్ ప్రాణం పోయవచ్చు. దాన్ని కాదనే హక్కు ఏ శాస్త్రానికీ లేదు.

మన శ్రీహరికోటకూ ఈ కథలో చోటుంది. వన్‌వెబ్ సంస్థ 1,200 కిలోమీటర్ల ఎత్తులో తిప్పుతున్న ఇంటర్నెట్ ఉపగ్రహాల్లో 72 తిరుపతి జిల్లా నుంచే వెళ్ళాయి. 2022 అక్టోబరులో 36, 2023 మార్చిలో 36, రెండుసార్లూ ఎల్‌విఎం3 రాకెట్ మీద. భారత్‌లో స్టార్‌లింక్‌కు టెలికాం లైసెన్సు 2025 జూన్‌లో వచ్చింది. పుణె దగ్గర ఖోడద్‌లో 45 మీటర్ల డిష్‌లు 30తో మన జిఎంఆర్‌టి ఉంది. హిందూపురం నుంచి సరిహద్దు దాటగానే గౌరీబిదనూరు రేడియో అబ్జర్వేటరీ ఉంది. హైదరాబాద్ వెలుతురు పెరిగి జపాల్-రంగాపూర్ టెలిస్కోప్ ఎలా చీకటిని పోగొట్టుకుందో మనం చూశాం. అప్పుడు అడిగేవాళ్ళు లేరు. ఖోడద్ విషయంలో లైసెన్సుల షరతులు రాసేటప్పుడే అడగాలి.

గ్రీన్ బ్యాంక్‌లో కుదిరిన సర్దుబాటు మంచిదే. అయితే అది ఒక కంపెనీ, ఒక దేశపు శాస్త్రవేత్తలు ఇష్టపడి చేసుకున్నది. అమెజాన్ ఉపగ్రహాలు వస్తున్నాయి, చైనావి వస్తున్నాయి. వాళ్ళందరూ టెలిస్కోప్ చూపు అడిగి తప్పుకోవాలన్న అంతర్జాతీయ నియమం ఇంకా లేదు. డీటీహెచ్ గొడుగుకు ఉన్న రక్షణ ఈ టెలిస్కోపుకూ నియమంగా రావాలి, మర్యాదగా కాదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు రెండు మాటలు. మ్యాపును బయల్దేరే ముందే ఫోన్‌లోకి దించుకోండి, ట్యాంకు నింపుకోండి. అబ్జర్వేటరీలో సైన్స్ సెంటర్ ఉంది, టెలిస్కోప్ దగ్గరికి డీజిల్ బస్సులో తీసుకెళ్తారు. దగ్గర్లోనే కాస్ అనే పాత కలప ఊళ్ళో ఆవిరి ఇంజను రైలు కొండెక్కుతుంది, పిల్లలకు అదొక సరదా. టెలిస్కోప్ కింద నిలబడి ఫొటో దిగాలనుకుంటే మాత్రం ఫిల్ము కెమెరా పట్టుకెళ్ళండి. డిజిటల్ కెమెరాలను అక్కడ ఆన్ చేయనివ్వరు.